బొంత కుట్టే ముందు బట్ట చూడండి, దూది చూడండి

వానాకాలం వరి కోతలు అయిపోయాయి. వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరాయి. యాసంగి నార్లు పోసుకుని, మక్క చేలకు కావలి తిరిగే రోజులివి. నిజామాబాద్ జిల్లాలో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి వేడి 10 డిగ్రీల దరిదాపుకు వస్తుంది. కొన్నేళ్లు అంతకంటే కిందికీ దిగుతుంది. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు మొదలయ్యాక అర్ధరాత్రి లేచి మోటారు పెట్టే బాధ తగ్గింది గానీ, అడవి పందుల కావలి తగ్గలేదు. మంచె మీద పడుకునే రైతుకు, ఇంట్లో బండల మీద పడుకునే ముసలివాళ్లకు ఈ రెండు నెలలు ఏం కప్పుకుంటున్నారన్నది చిన్న విషయం కాదు. చలికి నిద్ర లేక తెల్లారి పొలం పని చేసేవాళ్లకు ఒళ్లు నొప్పులు, దగ్గు, దమ్ము అన్నీ ముదురుతాయి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! దీనికి కావలసిన సరుకు చాలావరకు మీ ఇంటి సందుగలోనే ఉంది. పాత చీరలు, ధోవతులు, లుంగీలు. వాటితో బొంత కుట్టుకోవడం మన ఇళ్లల్లో కొత్త విద్య కాదు. కొత్తగా వచ్చిన చిక్కు ఒకటుంది. ముప్పై ఏళ్ల కింద సందుగ తెరిస్తే కనబడేవన్నీ నూలు చీరలే. ఏది తీసి కుట్టినా బొంత అయ్యేది. ఇప్పుడు తెరిస్తే పదింటిలో ఏడెనిమిది సిల్కు మాదిరి మెరిసే పాలిస్టర్ చీరలే కనబడతాయి. 2017 నుంచి కొన్నేళ్లు బతుకమ్మ పండుగకు ప్రభుత్వం పంచిన సిరిసిల్ల మరమగ్గాల చీరలు కూడా ఎక్కువ భాగం పాలిస్టర్ నూలువే. కట్టుకోవడానికి అవి బాగానే ఉంటాయి. బొంతకు మాత్రం చూసి వాడాలి. అందుకే బట్ట ఎంపిక, లోపల పెట్టే దూది ఎంపిక గురించి ఈ వారం కాస్త వివరంగా రాస్తున్నాము.

బోధన్ ప్రాంతం వాళ్లకు బొంత అంటే చెరుకు బండ్లు గుర్తుకు రావాలి. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మొదలైన తర్వాత ఎన్నో ఏళ్లపాటు చలికాలమంటే క్రషింగ్ కాలమే. బండ్లు వరుస కట్టి రాత్రంతా వంతు కోసం నిలబడేవి. బండి కింద ఇంత గడ్డి పరుచుకుని బొంత ముసుగు పెట్టి పడుకుంటే తెల్లారేది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు తగ్గి వరి, మక్క, సోయా పెరిగాయి. చెరుకు కోతకు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కూలీల మూటల్లోనూ ఇదే ఉంటుంది, వాళ్లు దాన్ని గోధడి అంటారు. కర్ణాటకలో కౌదీ అంటారు. ఉత్తర కర్ణాటక అడవి ఊళ్లల్లో ఉండే సిద్దీల ఆడవాళ్లు కుట్టే కవంద్‌లకు దేశం బయట కూడా పేరుంది. బెంగాల్లో కాంతా. పేర్లు వేరైనా సూత్రం ఒక్కటే. అరిగిపోయిన మెత్తటి నూలు బట్టను పొరలు పొరలుగా పేర్చి, దగ్గర దగ్గరగా కుట్టు వేయడం.

పొరలకు వేడి ఎట్లా వస్తుంది?

బొంత తనంతట తాను వేడి పుట్టించదు. మన ఒంటి వేడి బయటికి పోకుండా ఆపుతుంది, అంతే. ఆపేది కూడా బట్ట కాదు, బట్టకూ బట్టకూ మధ్య కదలకుండా నిలిచిన గాలి. అందుకే ఒక మందపాటి జంపఖానా కప్పుకున్నదానికంటే, అంతే బరువున్న ఆరు పలచటి పొరల బొంత వెచ్చగా ఉంటుంది. దూదిలోనూ ఇదే సంగతి. పొంగి ఉన్న దూదిలో గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. అణిగి గట్టిపడిన దూదిలో గాలి లేదు, బరువే మిగులుతుంది. తడిసిన బొంత చలి పెట్టేది కూడా ఇందుకే. గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరతాయి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ సులభంగా తెలుస్తాయి.

ఏ బట్ట మంచిది?

బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బట్టదే మొదటి స్థానం. నేత చీరలు, మగవాళ్ల నూలు ధోవతులు, గళ్ల లుంగీలు, పాత దుప్పట్లు, తుండు గుడ్డలు. ఇవి చెమట పీలుస్తాయి, ఒంటికి గుచ్చుకోవు, సూది సులువుగా దిగుతుంది. కొత్తబట్టకంటే పాతబట్ట బొంతకు మేలని పెద్దవాళ్లు అనేది ఊరికే కాదు. కొత్త నూలు బట్ట మొదటి రెండు మూడు ఉతుకుళ్లలో కుంచించుకుపోతుంది. నూరు అంగుళాలకు మూడు నుంచి ఐదు అంగుళాల దాకా పోవచ్చు. పాతబట్ట అప్పటికే కుంచించుకుని ఉంటుంది. రెండూ కలిపి కుడితే మొదటి ఉతుకుడుకే బొంత ముడతలు పడి మూలలు గుంజుకుంటాయి. కొత్త గుడ్డ తప్పదనుకుంటే ముందు వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి అప్పుడు వాడండి.

ఇంకొకటి. గట్టి బట్టను చీకిన బట్టకు జత చేయకూడదు. గట్టిది గుంజుతుంది, చీకినది చినుగుతుంది. పక్కపక్కన అతికే ముక్కలు ఒకే వయసువి, ఒకే మందంవి ఉండాలి. పత్రికల్లో ఏ సంకీర్ణ ప్రభుత్వం వచ్చినా 'అతుకుల బొంత' అని రాస్తుంటారు. బాగా కుట్టిన బొంతలో అతుకు దగ్గరే బలం ఎక్కువన్న సంగతి అలా రాసేవాళ్లకు తెలిసినట్టు లేదు.

చీర ఎంత చీకిందో చూడటానికి సులభమైన ఉపాయం ఉంది. పొద్దున ఎండకు అడ్డంగా పట్టుకోండి. ఎక్కడెక్కడ వెలుతురు ఎక్కువ వస్తోందో అక్కడ పోగు అరిగింది. రెండు బొటనవేళ్లతో ఆ చోటును మెల్లగా గుంజండి. పిసుకుపోయినట్టు విచ్చుకుంటే ఆ ముక్క పైపొరకు పనికిరాదు, లోపల పొరలకు వేసుకోవచ్చు. సాధారణంగా కుచ్చిళ్ల కింద, నడుము దగ్గర ముందు అరుగుతుంది. కొంగు, అంచులు గట్టిగా ఉంటాయి. అంచులను కత్తిరించి పారేయకండి, బొంత నాలుగు వైపులా పట్టీ వేయడానికి అంతకంటే మంచిది దొరకదు.

రంగు పరీక్ష కూడా చేయాలి. తెల్ల గుడ్డ తడిపి చీర మీద గట్టిగా రుద్దండి. ఎర్రవి, నల్లవి, ముదురు నీలంవి రంగు వదిలితే వాటిని విడిగా రెండు మూడుసార్లు ఉతికాకే కలపండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని చెప్తుంటారు. నమ్ముకోకండి. వదిలే రంగు వదిలిపోయేదాకా ఉతకడమే మార్గం. గంజి పెట్టిన చీరలుంటే గంజి పూర్తిగా పోయేట్టు వేడినీళ్లలో జాడించాలి. గంజి మిగిలితే బొద్దింకలు, బట్టలు కొరికే వెండి పురుగులు, ఎలుకలు వస్తాయి.

మన జిల్లాలో పసుపు పని చేసే ఇళ్లల్లో పాత చీరలకు పసుపు మరకలు తప్పవు. ఆ మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది. అది చూసి చీర పాడయిందని పక్కన పెట్టేస్తారు. అవసరం లేదు. పసుపు రంగు ఎండకు నిలవదు. తడిపి నాలుగైదు రోజులు మంచి ఎండలో వేస్తే చాలావరకు వెలిసిపోతుంది. మిగిలినా నష్టం లేదు.

నూలా, పాలిస్టరా? నిప్పు చెప్తుంది

చేతితో పట్టి చూసి చెప్పేవాళ్లు ఉన్నారు గానీ ఈ రోజుల్లో కలగలుపు బట్టలు ఎక్కువ. స్కూలు యూనిఫారాలు, ప్యాంటు గుడ్డలు చాలావరకు టెరికాటన్. అందుకని పోగు కాల్చి చూడటం మంచిది. బట్ట మొత్తానికి నిప్పు పెట్టకూడదు సుమా! చీర అంచు నుంచి నాలుగు పోగులు లాగి, మెలిపెట్టి, పట్టుకారుతో పట్టుకుని, ఆరుబయట, పక్కన చెంబెడు నీళ్లు పెట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలినట్టు వాసన వచ్చి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టరైతే ముడుచుకుంటూ కరిగి, నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు గానీ ఉన్ని గానీ. బూడిదా, గట్టి పూసలూ రెండూ కనబడితే కలగలుపు. నిలువు పోగు, అడ్డం పోగు రెండూ విడివిడిగా చూడండి. ఒక వైపు నూలు, ఇంకో వైపు పాలిస్టర్ వేసి నేసినవి కూడా ఉంటాయి.

నిప్పు వద్దనుకుంటే నీటిచుక్క వేసి చూడండి. నూలు బట్ట వెంటనే పీల్చుకుంటుంది. పాలిస్టర్ మీద చుక్క కొంతసేపు నిలబడుతుంది లేదా జారుతుంది. అయితే గంజి ఉన్న కొత్త నూలు మీద కూడా చుక్క నిలుస్తుంది కాబట్టి ఉతికిన బట్ట మీదే ఇది చేయాలి.

పాలిస్టర్ చీరలను పూర్తిగా పారేయాలా? అవసరం లేదు. అవి తేలిక, తొందరగా ఆరతాయి, ఎన్నేళ్లకూ చీకవు. మధ్య పొరలుగా రెండు వేసుకోవచ్చు. కానీ ఒంటికి తగిలే పొరగా వద్దు. చెమట పీల్చదు, ముసలివాళ్లకు, పసిపిల్లలకు దురద వస్తుంది. జారుడు బట్ట కాబట్టి కుట్టేటప్పుడు పొర పక్కకు పోతుంది, కుట్టు దగ్గర దగ్గరగా వేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది నిప్పు సంగతి. చలికి కుంపటి దగ్గరో, చేను కాడ నెగడు దగ్గరో బొంత కప్పుకుని కూర్చోవడం మనకు అలవాటు. నూలుకూ నిప్పు అంటుకుంటుంది, అది వేరే మాట. అయితే పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆ కాలిన గాయం లోతుగా దిగుతుంది. కావలి బొంతకు, బీడీ తాగేవాళ్ల బొంతకు పైన, కింద రెండూ నూలే ఉండాలి.

ఇక్కడ ఒక మాట అడగాలి. వీధిలోకి పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు వస్తే మన అక్కలు ముందుగా తీసిచ్చేది నూలు చీరలనే. "అవి చినిగినయ్ గద, ఏం జేస్కుంటం" అంటారు. నాలుగు నూలు చీరలకు ఒక గిన్నె వస్తుంది. తర్వాత సంక్రాంతి ముందు బజారుకు పోయి మెత్తటి బూరు రగ్గు కొంటారు. అది పాలిస్టరే. హర్యానాలోని పానిపట్‌లో పాత బట్టలను చీల్చి, మళ్లీ దారం తీసి రగ్గులు నేసే పెద్ద పరిశ్రమే ఉంది. మన బొంతకు పనికిరాదనుకున్నది ఇంకొకరికి సరుకు అవుతోందన్నమాట. ఆరు నూలు చీరలు చేతిలో ఉంటే ఇద్దరు పడుకునే బొంత ఒకటి ఇంట్లో ఉన్నట్టే. ఆ లెక్క చూసుకుని గిన్నె సంగతి ఆలోచించండి.

ఈ బట్టలు ఎంత మంచివైనా వద్దు

పురుగు మందు కొట్టేటప్పుడు వేసుకున్న చొక్కా, తలకు చుట్టిన తుండు, నడుముకు కట్టిన లుంగీ బొంతలో వేయకూడదు. మందు నూలు పోగుల్లోకి దిగుతుంది. ఉతికితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. రాత్రంతా ముఖం మీద కప్పుకునే వస్తువులో అది ఉండరాదు. మందు కొట్టే బట్టలు ఇంట్లో విడిగా ఉండాలి, చివరికి బొంత మూటలో కాకుండా గుంతలోకి పోవాలి. మందు కలిపిన విత్తనాలు మూట కట్టిన గుడ్డలు, మందు డబ్బాలు తుడిచిన గుడ్డలు కూడా ఇంతే.

మలేరియా కోసం ఇచ్చే మందు దోమతెరలు చినిగితే లోపల పొరగా వేసేవాళ్లున్నారు. వద్దు. ఆ తెర పోగులోనే మందు ఉంటుంది.

యూరియా సంచులు, ప్లాస్టిక్ బస్తాలు లోపల కుడితే నీళ్లు దిగవు కదా అని కొందరి ఆలోచన. నీళ్లు దిగవు, నిజమే. లోపలి చెమటా బయటికి పోదు. తెల్లారేసరికి బొంత లోపలి వైపు తడిగా ఉంటుంది, నాలుగు రోజులకు బూజు వాసన వస్తుంది. కింద తడి రాకుండా కావాలంటే ఆ సంచిని విడిగా నేల మీద పరిచి, దాని మీద బొంత వేసుకోండి.

గోనె సంచి సంగతి కొంచెం వేరు. చక్కెర, వడ్ల కారణంగా మన ప్రాంతంలో గోనె సంచులకు కొదవ లేదు. 1987లో వచ్చిన జనపనార సంచుల చట్టం వల్ల ఇప్పటికీ ధాన్యం, కొంత చక్కెర వాటిలోనే నింపాలి. నేల మీద పరుచుకునే బొంతకు అడుగు పొరగా గోనె బాగానే పనిచేస్తుంది. కప్పుకునే బొంతకు పనికిరాదు. బరువు, గరుకు, నుసి రాలుతుంది. జనపనార మెత్తబడటానికి మిల్లులో నూనె పెడతారు, ఆ వాసన ఎంత ఉతికినా కొంత మిగులుతుంది. చక్కెర సంచి అయితే వేడినీళ్లలో రెండుసార్లు జాడించాలి, లేకపోతే చీమలే మీకంటే ముందు పడుకుంటాయి.

కొలతలు, పొరల లెక్క

ఐదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగుల పొడవు, దాదాపు మూడు ముప్పావు అడుగుల వెడల్పు. దాన్ని మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 6 అడుగులు. అంటే ఒక మనిషి కప్పుకునే బొంతకు ఒక చీర మూడు పొరలు ఇస్తుంది. రెండు చీరలైతే ఆరు పొరలు. నవంబరు చలికి ఇది చాలు. నడి చలికాలానికి, చేను కాడికి ఎనిమిది, తొమ్మిది పొరలు కావాలి, అంటే మూడు చీరలు. మామూలు నూలు చీర అరకిలోకు కాస్త అటూ ఇటూ తూగుతుంది కాబట్టి బరువు కిలోన్నర దగ్గర ఉంటుంది.

ఇద్దరికి సరిపడా కావాలంటే ముక్కకు ఇంకో సగం ముక్క అతికించాలి. వెడల్పు ఐదున్నర అడుగులు దాటుతుంది. ఒక చీరకు రెండే పొరలు వస్తాయి. ఆరు పొరలకు మూడు చీరలు, తొమ్మిది పది పొరలకు ఐదు చీరలు, పైన పట్టీకి, అతుకులకు ఇంకొకటి. పాత తొమ్మిది గజాల చీరలు దొరికితే మాత్రం అదృష్టమే, పొడవూ పొరలూ రెండూ కలిసొస్తాయి. ఒక పొరలో వచ్చిన అతుకు మీద ఇంకో పొర అతుకు పడకుండా చూసుకోండి. పడితే అక్కడ గట్టు కట్టినట్టయి ఒత్తుకుంటుంది.

పది పొరలు దాటితే చేతి సూది దిగదు. అంతకంటే వెచ్చన కావాలంటే దూది పెట్టాలి. లేదంటే రెండు పలచటి బొంతలు కుట్టుకుని ఒకదాని మీద ఒకటి కప్పుకోవాలి. మా సలహా రెండోదే. ఉతకడం సులువు, ఆరడం సులువు, చలి తగ్గితే ఒకటి తీసేయవచ్చు.

దూది పెట్టాలంటే

మన జిల్లాలో పత్తి తక్కువ. పైన ఆదిలాబాద్, భైంసా వైపు పత్తి, జిన్నింగ్ మిల్లులు ఉన్నాయి. బోధన్ వాళ్లకు బాసర మీదుగా భైంసా దూరం కాదు. చుట్టాల దగ్గర పత్తి ఉందని తెచ్చుకునేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. గింజతో ఉన్న క్వింటాలు పత్తికి దాదాపు మూడో వంతు, అంటే 33 నుంచి 35 కిలోల దూది వస్తుంది. ఒక మనిషి రజాయికి 2 కిలోల దూది కావాలంటే ఆరు కిలోల పత్తి తెచ్చుకోవాలి. గింజలు చేతితో తీసినా ఒక్కటీ మిగలకుండా తీయాలి. ఒక్క గింజ మిగిలినా దాని కోసం ఎలుక బొంతను చీలుస్తుంది.

ఏ పత్తి మంచిది? దారానికి మంచి పత్తి వేరు, రజాయికి మంచి పత్తి వేరు. బట్టల మిల్లుకు పొడుగు, సన్నటి పింజ కావాలి. రజాయికి పొట్టి, కాస్త గరుకు పింజ మేలు. అది అణిగినా మళ్లీ పొంగుతుంది. పాత దేశవాళీ పత్తికి ఈ గుణం ఉండేది. 2002లో బీటీ పత్తి వచ్చాక దేశవాళీ పత్తి చాలావరకు పోయింది. ఎక్కడైనా దొరికితే వదలకండి. బీటీ పత్తి అయినా పనికొస్తుంది. కాకపోతే రెండు మూడేళ్లకొకసారి ఏకించాలి. ధర తక్కువని ఆఖరి తీతల పత్తి మాత్రం తీసుకోవద్దు. అందులో పూర్తిగా ముదరని పింజ, ఆకు నుసి, పురుగు కొట్టిన మచ్చలు ఉంటాయి. ఒక్క చలికాలంలోనే ఉండలు కడుతుంది. చేతిలోకి పిడికెడు తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. పొంగి లేస్తే మంచిది. నొక్కిన ఆకారంలోనే ఉండిపోతే వద్దు.

ఒకప్పుడు దూదేకులవాళ్లు విల్లు తీసుకుని ఇంటి ముందుకే వచ్చి టంగ్ టంగ్‌మని ఏకేవారు. ఇప్పుడు ఆటోలో మిషన్ పెట్టుకుని వస్తున్నారు. మిషన్ పని తొందర. కానీ ప్రతిసారి ఏకినప్పుడు కొంత పింజ తెగి దుమ్ముగా పోతుంది. అందుకే పాత దూది ఏకించినప్పుడు కొంత తరుగు ఉంటుంది, అది మోసం కాదు. అయితే పాత దూదిని ముందు మీ కాంటా మీద తూకం వేసి ఇవ్వండి, ఏకిన తర్వాత మళ్లీ తూకం వేయండి, పక్కన నిలబడండి. రంగు పోగులు, గుడ్డ పీలికల నుసి కనబడితే అది బట్టల మిల్లు చెత్త దూది కలిపినట్టు. మూడు నాలుగుసార్లు ఏకిన దూదికి కొత్తది సగం కలిపితేనే పొంగు వస్తుంది.

బూరుగు దూది గురించి చాలామంది అడుగుతారు. చెట్టు గట్టు మీద ఉంటుంది, ఎండాకాలం కాయ పగులుతుంది, ఖర్చు లేదు. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన మైనం లాంటి పూత ఉంటుంది, అందువల్ల చాలా తేలిక, నీళ్లు పట్టదు. అయితే పోగు పొట్టిది, నున్నటిది. ఒకదానికొకటి పెనవేసుకోదు. బొంతలో వేస్తే ఒక మూలకు జారి చేరుతుంది, చీకిన చీర సందుల్లోంచి బయటికి వస్తుంది, ముక్కులోకి పోతుంది. ఉతకడానికి పనికిరాదు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. బూరుగును దిండ్లకు ఉంచుకోండి, అదీ దగ్గర నేతున్న గట్టి బట్ట సంచిలో. జిల్లేడు దూది దీపం ఒత్తులకు చాలు.

ఫైబర్ దూది, ఫైబర్ షీట్లు నిజామాబాద్ బజారులో దొరుకుతున్నాయి. ఇదీ పాలిస్టరే. తేలిక, ఉతికితే త్వరగా ఆరుతుంది, ఉండ కట్టదు, ఎలుక అంతగా ముట్టదు. వానాకాలంలో బొంత ఆరని ఇళ్లకు, పక్క తడిపే పిల్లలున్న ఇళ్లకు ఇది బాగుంటుంది. విడి ఫైబర్ కన్నా షీటే తీసుకోండి. పైన, కింద పలచటి చీర వేస్తే పోగులు బయటికి పొడుచుకొస్తాయి, దుప్పటి మందం బట్ట వేయాలి. నిప్పు దగ్గర వాడే బొంతకు మాత్రం ఇది వద్దు.

గొంగడి ఉన్నవాళ్లు దాన్ని చిన్నచూపు చూడకండి. కురుమల చేతి ఉన్ని గొంగడికి కాస్త మంచు, తుంపర పడినా లోపలికి దిగదు. తడిసినా కొంత వెచ్చదనం నిలుస్తుంది. మంచె మీద కావలికి లోపల నూలు బొంత, పైన గొంగడి. ఇంతకు మించిన జత లేదు.

సూది, దారం, టాకా

దారం నూలుదే వాడండి, రెండు మూడు పేటలు కలిపి. నైలాన్ దారం తెగదు, నిజమే. అందుకే అది బట్టను కోస్తుంది. కుట్టు తెగితే మళ్లీ వేసుకోవచ్చు, బట్ట కోసుకుపోతే ఏం చేస్తారు? బీడీలు కట్టే దారం మన ఇళ్లల్లో ఎప్పుడూ ఉంటుంది గానీ అది మరీ సన్నం, పక్కన పెట్టండి. దబ్బనం వద్దు, అది గోనెకు. పొడుగాటి, పెద్ద కన్నున్న సూది చాలు.

పొరలను ఊడ్చిన బండ మీద పరిచి, ముడతలు తీసి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలతో పట్టి ఉంచాలి. కుట్టు నడిమిలో మొదలుపెట్టి అంచులకు రావాలి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో పొర ఉబ్బుతుంది. చీర పొరల బొంతకు వరుసకూ వరుసకూ రెండు వేళ్ల ఎడం. దూది పెట్టినదానికి బెత్తెడు మించకూడదు, మించితే దూది జారి మధ్యలో ఖాళీలు పడతాయి. ఫైబర్ షీటుకు జానెడు దాకా ఉండొచ్చు. దూది బొంత వరుసలను మరీ దగ్గరగా వేసినా నష్టమే, దూది అణిగి గాలి పోతుంది.

బీడీలు చేసే అక్కలు ఒక జాగ్రత్త పడాలి. కుట్టే బొంతను తంబాకు చాట పక్కన పెట్టకండి. ఆ దుమ్ము పొరల్లోకి చేరితే దులిపినా పోదు, పిల్లలకు దగ్గు వస్తుంది.

ఏడాది నిండని పసిబిడ్డకు మందపాటి బొంత కప్పరాదు. ముఖం మీదికి జారితే ఊపిరాడదు. మెత్తటి పాత చీర రెండు పొరల పొత్తిళ్లలో చుట్టి, పైన తల్లి కప్పుకున్నది పడకుండా చూడాలి.

ఉతకడం, దాచడం

రెండు కిలోల నూలు బొంత తడిస్తే ఐదారు కిలోలవుతుంది. పిండేటప్పుడు మెలితిప్పకుండా తొక్కి నీరు తీయండి. ఒక్క తాడు మీద వేస్తే బరువుకు కుట్లు తెగుతాయి, రెండు తాళ్ల మీద గానీ మంచం మీద గానీ పరచండి. దూది రజాయిని ఉతకకూడదు. పైన గలీబు వేసి దాన్నే ఉతకాలి. రజాయిని వారం పది రోజులకొకసారి ఎండలో వేసి కర్రతో తట్టాలి.

దూది రజాయి మీద బీడీ నిప్పు పడితే పైన చెంబెడు నీళ్లు చల్లి ఆరిందనుకోకండి. మంట కనబడకుండానే లోపల దూది గంటల తరబడి రాజుకుంటూ ఉంటుంది. వెంటనే బయటికి తెచ్చి, ఆ చోట కుట్టు విప్పి, కాలిన దూది తీసి నీళ్లలో ముంచాలి. రజాయిని ఆ రాత్రి ఇంట్లోకి తీసుకురావద్దు.

నల్లులు పట్టాయని పత్తికి, వరికి కొట్టే మందు బొంత మీద కొట్టేవాళ్లున్నారు. ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. పడుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. చీర పొరల బొంత అయితే మరిగే నీళ్లలో ముంచి తీయండి. దూదిదైతే ఏప్రిల్, మే ఎండలో నల్ల ప్లాస్టిక్ కవరులో మూట కట్టి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బండ మీద పెట్టి, మధ్యలో రెండుసార్లు తిప్పండి. ఆ వేడికి నల్లులు, వాటి గుడ్లు చస్తాయి. కుట్ల సందుల్లో మిగలకుండా రెండు మూడు రోజులు వరుసగా చేయాలి.

శివరాత్రి దాటి చలి పోయాక బొంతను బాగా ఎండబెట్టి, చల్లారిన తర్వాతే మడత పెట్టండి. వేడి మీద మడిచి సందుగలో పెడితే లోపల చెమ్మ పడుతుంది. మడతల్లో ఎండిన వేపాకు వేసి, పాత నూలు గుడ్డలో మూట కట్టి, నేలకు ఎత్తుగా అటక మీద పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టవద్దు. తొలకరి ముందు ఒకసారి, దసరాకు ఒకసారి తీసి ఎండలో వేసి, మడతలు మార్చి పెట్టుకోవాలి.